పార భుజాన వేసుకుని దేశాలు దాటినవాడు: పియర్ సెరెసోల్

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక మహనీయుడి జీవితం రాయడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్, జ్యోతిబా ఫూలే, సావిత్రీబాయి, జాషువా, భాగ్యరెడ్డి వర్మల గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఈసారి మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించని ఒక మనిషి కథ చెప్పదలిచాము. ఆయన మన దేశస్థుడు కాదు, మన కులం మతం కాదు, పేదవాడు అంతకన్నా కాదు. అయినా ఆయన కథ మనలాంటి వాళ్లం తెలుసుకోదగ్గది. ఎందుకంటే అది చేతులతో చేసే పని గురించిన కథ. పలుగు, పార, తట్ట గురించిన కథ. వాటి గురించి మన ఇళ్లలో తెలిసినంతగా మరెవరికి తెలుసు?

ఈ రోజుల్లో సెలవులు వస్తే యూరప్, అమెరికా, జపాన్ వంటి దేశాల నుంచి యువతీ యువకులు ఆసియాకూ, ఆఫ్రికాకూ వస్తున్నారు. ఏదో ఒక పల్లెలో రెండు వారాలో, నెల రోజులో ఉండి, అక్కడి బడికి గోడలు పూస్తారు, కప్పు బాగుచేస్తారు, మరుగుదొడ్లు కడతారు, రంగులు వేస్తారు. జీతం ఉండదు. దారి ఖర్చులు వాళ్లవే. ఇలా పరాయి దేశం వెళ్లి ఉచితంగా చాకిరీ చేయడం అనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే, మనం 1920 నాటి ఒక ఫ్రెంచి పల్లెకు చేరుకుంటాం. అక్కడ మంచులో, బురదలో పార పట్టుకుని నిలబడిన నలభై ఏళ్ల ఇంజినీరే పియర్ సెరెసోల్.

గొప్పింటి బిడ్డ

సెరెసోల్ 1879 ఆగస్టు 17న స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో పుట్టారు. తండ్రి పాల్ సెరెసోల్ మామూలు మనిషి కాదు. 1873లో ఆ దేశానికి అధ్యక్షుడిగా పనిచేసినవాడు. న్యాయమూర్తిగానూ, సైన్యంలో ఉన్నతాధికారిగానూ పేరున్నవాడు. ఇంట్లో పిల్లలు చాలామంది. పియర్ పసివాడుగా ఉండగానే తల్లి చనిపోయింది. తల్లి లేని లోటు తప్ప ఆ ఇంట్లో మరే లోటూ లేదు.

చదువులో ఆయన చురుకైనవాడు. జ్యూరిక్‌లోని ప్రసిద్ధ సాంకేతిక విద్యాలయంలో ఇంజినీరింగు చదివి, డాక్టరేటు సంపాదించారు. పై చదువులకు జర్మనీ వెళ్లి భౌతికశాస్త్రం, గణితం అభ్యసించారు. చదువుకున్న చోటే అధ్యాపకుడిగా కుర్చీ వేసుకుని కూర్చునే అవకాశం ఉంది. ఆయన కూర్చోలేదు. 1909లో ఓడెక్కి అమెరికా వెళ్లిపోయారు.

అక్కడ ఆయన చేసిన పనులు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. కోళ్ల ఫారంలో పనిచేశారు. చమురు బావుల దగ్గర కూలిపని చేశారు. హవాయి దీవుల్లో పాఠాలు చెప్పారు. జపాన్ వెళ్లి ఇంజినీరు ఉద్యోగం చేశారు. దేశాధ్యక్షుడి కొడుకు, డాక్టరేటు చేసినవాడు, కూలివాళ్లతో కలిసి తిని, కలిసి పడుకుని అయిదేళ్లు గడిపాడు. తన తరగతి వాళ్లు ఎన్నడూ చూడని లోకాన్ని ఆయన అక్కడ చూశారు. చెమట చిందించేవాడి చేతిలో ఏముంటుందో, ఏముండదో తెలుసుకున్నారు.

మనం ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మన తల్లిదండ్రులు కూలికి వెళ్లింది ఇష్టపడి కాదు, వేరే దారి లేక. సెరెసోల్‌కు ఎప్పుడంటే అప్పుడు తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉంది. ఈ తేడా చిన్నది కాదు. ఆ తేడా ఆయనకూ తెలుసుననడానికి ఆ తర్వాత ఆయన బ్రతికిన తీరే రుజువు.

జైలుకు దారి

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయింది. సెరెసోల్ స్వదేశం చేరుకున్నారు. స్విట్జర్లాండ్ యుద్ధంలో దిగలేదు గాని, సరిహద్దుల్లో సైన్యాన్ని మోహరించింది. అక్కడ మగవాళ్లందరికీ సైనిక సేవ తప్పనిసరి. సేవ చేయనివాళ్లు దానికి బదులుగా పన్ను కట్టాలి.

ఆ రోజుల్లోనే ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు తుపాకి పట్టనని చెప్పి జైలు పాలయ్యాడు. ఈ సంగతి సెరెసోల్‌ను కదిలించింది. ఒక పల్లె బడిపంతులుకు ఉన్న ధైర్యం తనకెందుకు లేదని ఆయన ఆలోచనలో పడ్డారు. తన వంతు సైనిక పన్ను కట్టడం మానేశారు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తిని ప్రభుత్వానికి రాసి ఇచ్చేశారు. పన్ను ఎగవేసి డబ్బు మిగుల్చుకుంటున్నాడని ఎవరూ వేలెత్తి చూపే వీలు లేకుండా చేసుకున్నారన్న మాట. పన్ను కట్టనందుకు జైలుకు వెళ్లారు. 1917లో జ్యూరిక్‌లోని ఒక చర్చిలో లేచి నిలబడి, యుద్ధాన్ని సమర్థించే మతం మతం కాదనే అర్థంలో అందరి ముందూ మాట్లాడారు. పెద్దింటి వాళ్లకు ఆయన తలవంపుగా కనిపించారు.

అయితే వద్దు అనడం ఒక్కటే సరిపోతుందా? దేశం కోసం సైనికుడు ప్రాణాలకు తెగించి చలిలో, వానలో కష్టపడుతున్నాడు. యుద్ధం వద్దన్నవాడు ఇంట్లో వెచ్చగా కూర్చుంటే వాడి మాటకు విలువేముంది? ఈ ప్రశ్న ఆయన్ను వదలలేదు. సైనికుడంత కష్టం, సైనికుడంత క్రమశిక్షణ కావాలి. పని మాత్రం కూల్చేది కాకుండా కట్టేది కావాలి. ఇదీ ఆయనకు తట్టిన సమాధానం.

వెర్డున్ దగ్గర ఒక పల్లె

1919లో హాలండ్‌లోని బిల్తోవెన్ అనే ఊళ్లో శాంతిని కోరే క్రైస్తవుల సమావేశం జరిగింది. నిన్నటి దాకా శత్రువులైన దేశాల వాళ్లు ఒకే గదిలో కూర్చున్నారు. 1920లో మళ్లీ అక్కడే కలిసినప్పుడు ఉపన్యాసాలు చాలా అయ్యాయి. చాలు, ఇక పని చేద్దామన్న మాట వచ్చింది. జర్మన్ సైన్యం నాశనం చేసిన ఫ్రెంచి పల్లెల్లో జర్మన్లు కూడా వచ్చి రాళ్లు మోస్తే ఎలా ఉంటుంది? ఆ ఆలోచనను సెరెసోల్ పట్టుకున్నారు.

వెర్డున్ పేరు చరిత్ర చదివిన వాళ్లకు తెలుసు. 1916లో దాదాపు పది నెలల పాటు అక్కడ యుద్ధం జరిగింది. రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు సుమారు 3 లక్షల మంది. ఆ చుట్టుపక్కల కొన్ని పల్లెలు ఎంతగా ధ్వంసమయ్యాయంటే, వాటిని తిరిగి కట్టడం అసాధ్యమని ప్రభుత్వం వదిలేసింది. ఎస్న్ అనే పల్లె కూడా నేలమట్టమయింది. పొలాల్లో పేలని గుండ్లు, ముళ్లతీగలు, కందకాలు, మనుషుల ఎముకలు. ఊరు వదిలిపోయినవాళ్లు కొందరు తిరిగి వచ్చి శిథిలాల మధ్య తలదాచుకుంటున్నారు.

1920 నవంబరులో సెరెసోల్ అక్కడికి చేరారు. వెంట వచ్చింది కొద్దిమందే. స్విస్ వాళ్లు, ఇంగ్లీషు వాళ్లు, వారితో పాటు కొందరు జర్మన్లు. వాళ్లు శిథిలాలు తొలగించారు, గోతులు పూడ్చారు, రోడ్డు బాగుచేశారు, నిలువ నీడ లేని కుటుంబాలకు చెక్క ఇళ్లు కట్టారు. ఆ ఏడు చలికాలమంతా ఇదే పని.

వచ్చినవాళ్లలో ఒక వింత మనిషి ఉన్నాడు. పియర్ సొంత అన్నదమ్ముల్లో ఒకడైన ఎర్నెస్ట్. ఆయన స్విస్ సైన్యంలో కర్నలు. తమ్ముడో అన్నో సైన్యాన్ని కాదని జైలుకు వెళ్తుంటే, ఇంకొకడు సైన్యాధికారి. ఇద్దరూ వాదులాడుకోకుండా పక్కపక్కనే మట్టి తవ్వారు. ఎర్నెస్ట్ తన సైనిక క్రమశిక్షణను శిబిరానికి తెచ్చి ఇచ్చాడు. వేళకు లేవడం, వేళకు పని, పనిముట్లు శుభ్రం చేసి లెక్క పెట్టి అప్పగించడం ఇవన్నీ ఆ తర్వాత శిబిరాలన్నిటికీ అలవాటయ్యాయి.

కాని కథ సుఖంగా ముగియలేదు. కొడుకులను, భర్తలను పోగొట్టుకున్న నేల అది. జర్మన్ మాట వినిపిస్తేనే అధికారులకు మండిపోయేది. జర్మన్లను పంపేయమని ఒత్తిడి వచ్చింది. వాళ్లను పంపేస్తే మిగిలినవాళ్లు హాయిగా పని చేసుకోవచ్చు. సెరెసోల్ బృందం అందుకు ఒప్పుకోలేదు. ఉంటే అందరం, పోతే అందరం అని తీర్మానించుకుని 1921 వసంతంలో ఊరు విడిచింది.

ఇది మనకు ముఖ్యమైన ఘట్టం. పని ఆగిపోయింది కనుక ఓటమి అనుకోవచ్చు. కాని ఒకే పంక్తిలో కూర్చున్నవాళ్లలో ఒకరిని లేపి పక్కకు పంపితే, ఆ తర్వాత కట్టిన ఇల్లు ఎంత గట్టిదైనా ఏం లాభం? పంక్తి నుంచి లేపడం అంటే ఏమిటో మన పెద్దలకు తెలుసు. అందుకే ఆ పల్లెలో కట్టిన చెక్క ఇళ్లకన్నా, అక్కడ చెప్పిన ఆ కాదు అనే మాటే మాకు పెద్దదిగా తోస్తుంది.

మంచు, వరద, రాళ్లు

ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో సైనిక సేవకు బదులు పౌరసేవ చేసే హక్కు ఇవ్వమని సెరెసోల్, ఆయన మిత్రులు సంతకాలు సేకరించారు. దాదాపు 40 వేల మంది సంతకం చేశారు. పార్లమెంటు ఒప్పుకోలేదు. అయితే చేసి చూపిద్దామనుకున్నారు. 1924లో ఓర్మోన్ లోయలో హిమపాతం ఒక ఊరి మీద విరుచుకుపడింది. ఆ రాళ్లను, విరిగిన చెట్లను తొలగించే శిబిరాన్ని కర్నల్ ఎర్నెస్ట్ నడిపించాడు.

1927 సెప్టెంబరులో రైన్ నది గట్టు తెగి లీచ్టెన్‌స్టెయిన్ అనే బుల్లి దేశాన్ని ముంచేసింది. పొలాల మీద ఇసుక, గులకరాళ్లు మేట వేశాయి. 1928లో ఏప్రిల్ నుంచి నెలల తరబడి అక్కడ శిబిరం సాగింది. ఎన్నో దేశాల నుంచి 700 మందికి పైగా వంతులవారీగా వచ్చి పనిచేశారు. విద్యార్థులు, బడిపంతుళ్లు, కార్మికులు, రైతులు అందరూ ఉన్నారు. మన గోదావరి, కృష్ణ వరదల తర్వాత పొలాల్లో మేట వేసిన ఇసుకను చూసినవాళ్లకు ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పనక్కర లేదు. ఆడవాళ్లు కూడా వచ్చారు. అయితే ఆ కాలపు అలవాటు ప్రకారం వాళ్లకు వంట, బట్టలు ఉతకడం అప్పగించారు. శాంతి శిబిరంలో కూడా పొయ్యి ముందు ఆడవాళ్లే మిగిలారన్నది నిజం. అది మారడానికి ఇంకా కాలం పట్టింది.

1930లో దక్షిణ ఫ్రాన్సులో వరదలు వచ్చినప్పుడు లగార్ద్‌లో, 1931లో బ్రిటన్‌లోని వేల్స్‌లో బ్రిన్‌మార్ అనే ఊళ్లో శిబిరాలు జరిగాయి. బ్రిన్‌మార్ బొగ్గు గనుల ఊరు. గనులు మూతబడి జనం పని లేక కూర్చున్నారు. అక్కడ ఊరివాళ్లతో కలిసి పార్కు, ఈతకొలను తవ్వారు. ఆకలితో ఉన్న ఊరికి ఈతకొలను ఎందుకని అడగవచ్చు. పని పోయినవాడికి అన్నం ఒక్కటే పోదు. తన ఊరికి తాను పనికివస్తానన్న నమ్మకం కూడా పోతుంది. దాన్ని తిరిగి నిలబెట్టడమే అక్కడ జరిగింది.

ఈ శిబిరాల్లో క్రమంగా కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. ఊరివాళ్లకు నిజంగా అవసరమై, వాళ్లు కోరిన చోటికే వెళ్లాలి. కూలివాడికి దక్కవలసిన పనిని ఉచితంగా చేసి వాడి నోటి దగ్గర కూడు తీయకూడదు. మతం, పార్టీ ప్రచారం చేయకూడదు. ఊరివాళ్లు ఎలా ఉంటే అలా సాదాగా ఉండాలి. మాటలు తగ్గించి పని చూపాలి. ఇలా ఎదిగిన సంస్థే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్.

బీహారు భూకంపం

1931 డిసెంబరులో రెండో రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని గాంధీజీ స్విట్జర్లాండ్‌లో రచయిత రోమా రోలా ఇంటికి వెళ్లారు. సెరెసోల్ అక్కడ ఆయన్ను కలిశారు. ఆ పరిచయం రెండేళ్ల తర్వాత పనికొచ్చింది.

1934 జనవరి 15 మధ్యాహ్నం బీహారులో, నేపాల్‌లో పెద్ద భూకంపం వచ్చింది. 10 వేల మందికి పైగా చనిపోయారు. ముజఫర్‌పూర్, ముంగేర్ వంటి పట్టణాలు కూలిపోయాయి. పొలాల్లో నేల చీలి ఇసుక, నీరు ఉబికి వచ్చాయి. బాబూ రాజేంద్రప్రసాద్ సహాయ సంఘాన్ని నడిపారు. జవహర్‌లాల్ నెహ్రూ ముంగేర్‌లో స్వయంగా పార పట్టి శిథిలాలు తవ్వారు. అస్పృశ్యత అనే పాపానికి ఇది శిక్ష అని గాంధీజీ అన్నప్పుడు, ప్రకృతి ఉపద్రవానికి పాపపుణ్యాలు అంటగట్టడం సరికాదని రవీంద్రనాథ్ ఠాగూర్ బాహాటంగా విభేదించారు. ఆ చర్చ ఇప్పటికీ చదవదగ్గదే. ఎందుకంటే భూకంపంలో కూలిన గుడిసెల్లో అంటరానివాళ్లవీ ఉన్నాయి. అస్పృశ్యత పాపం చేసినవాళ్లు వాళ్లు కాదు గదా.

సెరెసోల్‌కు అప్పటికి 54 ఏళ్లు. స్విట్జర్లాండ్‌లోని లా షో ద ఫాన్ అనే ఊళ్లో లెక్కల మాస్టారు. భూకంపం వార్త విని అదే సంవత్సరం మన దేశం వచ్చారు. పరిస్థితి చూసి వెళ్లి, సహచరులను తీసుకుని మళ్లీ వచ్చారు. 1937 వరకు ఆ పని సాగింది. విదేశాల నుంచి వచ్చినవాళ్లు కొద్దిమందే. ఇంగ్లండ్ నుంచి జో విల్కిన్సన్, స్విట్జర్లాండ్ నుంచి పాల్ షెంకర్ వారిలో ముఖ్యులు.

భూకంపం తర్వాత నేల కుంగి, ముజఫర్‌పూర్ ప్రాంతంలో కొన్ని పల్లెలు ఏటా వరద పాలవుతున్నాయి. వాటిని ఎత్తైన నేల మీదికి మార్చి కొత్తగా కట్టాలి. అదీ వాళ్లు ఎత్తుకున్న పని. అలా లేచిన ఊళ్లలో ఒకదానికి శాంతిపూర్ అని పేరు పెట్టారు. ఒకవైపు ఆంగ్ల ప్రభుత్వ అధికారులు, మరోవైపు వాళ్లతో పోరాడుతున్న కాంగ్రెసు వాళ్లు. ఇద్దరితోనూ మాట్లాడి ఇద్దరి సాయమూ ఊరికి అందేలా చూడటం సెరెసోల్ పని. వెర్డున్‌లో ఫ్రెంచి, జర్మన్లను కలిపిన చేయి ఇక్కడ ఇలా పనికొచ్చింది.

అది తెల్లదొర అంటే గుర్రం మీదో, కారులోనో వచ్చి హుకుం జారీ చేసి వెళ్లిపోయే కాలం. మన దేశంలోనూ చదువుకున్నవాడు, పై కులంవాడు తట్ట ముట్టుకోడు. మట్టి మోసేవాడికి ఒక కులం, చెప్పులు కుట్టేవాడికి ఒక కులం, పాకీ పని చేసేవాడికి ఒక కులం. అలాంటి చోట ఒక దేశాధ్యక్షుడి కొడుకు చేతులకు మట్టి అంటించుకుని నిలబడటం గొప్ప పాఠమే. కాని ఆ ఒక్క పాఠంతో కులం పోలేదని కూడా మనం నిజాయితీగా చెప్పుకోవాలి. కులం మట్టి మోస్తే పోయే జబ్బు కాదు. దానికి చట్టం, చదువు, భూమి, హక్కు అన్నీ కావాలి. సెరెసోల్ ఓర్మోన్ లోయలో శిబిరం పెట్టిన 1924లోనే బొంబాయిలో డాక్టర్ అంబేద్కర్ బహిష్కృత హితకారిణీ సభను స్థాపించారు. 1925లో ఆ సభ షోలాపూర్‌లో విద్యార్థులకు ఒక హాస్టల్ తెరిచింది. ఒకరు చదువుకున్నవాళ్ల చేతికి పార ఇచ్చారు. ఇంకొకరు పార పట్టినవాళ్ల పిల్లల చేతికి పుస్తకం ఇచ్చారు. మన దేశానికి రెండూ అవసరమే. మనకు ముందు కావలసింది మాత్రం రెండోదే. ఆ షోలాపూర్ హాస్టల్ వరుసలోనిదే మనం అన్నం తిని చదువుకున్న ఈ హాస్టల్ కూడా.

చివరి రోజులు

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలయింది. సెరెసోల్ సంస్థ 1937 నుంచి అక్కడి పిల్లలను బాంబుల నుంచి తప్పించి సురక్షిత ప్రాంతాలకు చేర్చే పనిలో దిగింది. రొడాల్ఫో ఓల్జాటి ఆ పని నడిపించారు. అక్కడికి వెళ్లినవాళ్లలో ఎలిజబెత్ ఐడెన్‌బెంజ్ అనే యువ ఉపాధ్యాయిని ఒకరు. తర్వాత ఆమె ఫ్రాన్సులోని ఎల్న్‌లో కాందిశీక స్త్రీల కోసం ప్రసూతి ఆశ్రమం నడిపి వందలాది తల్లులను, బిడ్డలను కాపాడింది.

సెరెసోల్ 1936లో క్వేకరు సంఘంలో చేరారు. 1941లో, 62వ ఏట, లీజ్ డేవిడ్‌ను పెళ్లి చేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాత్రిపూట దీపాలు ఆర్పాలన్న ఆజ్ఞను ధిక్కరించి మళ్లీ జైలుకు వెళ్లారు. 1942లో, తిరిగి 1944లో, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటి హిట్లర్ జర్మనీలో అడుగుపెట్టారు. అక్కడి ప్రజలతో శాంతి గురించి మాట్లాడాలని ఆయన కోరిక. పట్టుకుని వెనక్కి పంపారు. సొంత దేశం కూడా జైల్లో పెట్టింది. పిచ్చివాడన్నవాళ్లు ఉన్నారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, 1945 అక్టోబరు 23న, లోజాన్ సమీపంలోని తమ ఇంట్లో కన్నుమూశారు.

ఆయన అడిగిన పౌరసేవ హక్కు ఆయన బ్రతికుండగా రాలేదు. 1992లో స్విస్ ప్రజలు ఓటు వేసి ఒప్పుకున్నారు. 1996లో చట్టం అమలులోకి వచ్చింది. 40 వేల సంతకాలు తిరస్కరించిన 70 ఏళ్లకు అది సాధ్యమయింది.

ఆయన పోయాక పని ఆగలేదు. శిబిరాల ఉద్యమం ఖండాలు దాటింది. 1948లో యునెస్కో అండతో స్వచ్ఛంద సేవా సంస్థల సమన్వయ సంఘం ఏర్పడింది. దేశ విభజన తర్వాత కాందిశీకుల కోసం ఫరీదాబాద్‌లో జరిగిన పనిలో ఆయన సంస్థ కార్యకర్తలు పాల్గొన్నారు. మన దేశంలో 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలయింది. కాలేజీలో చేరిన మన పూర్వ విద్యార్థులు ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో పల్లె బడులకు సున్నం వేసి, రోడ్లు వేసి వచ్చినవాళ్లే.

మనకు ఏమి మిగిలింది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఉచితంగా పని చేయడం గొప్ప అని ఎవరైనా అంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు నవ్వుతారు. వాళ్లకు వెట్టి తెలుసు. దొర గడీలో, కరణం ఇంట్లో, పటేలు పొలంలో కూలి లేకుండా తరాల తరబడి చేశారు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చేదాకా అది నేరమని కూడా ఎవరూ అనుకోలేదు. కాబట్టి శ్రమదానం అనే మాటను మనం జాగ్రత్తగా వాడాలి. దానం అనాలంటే ఇవ్వనని చెప్పే స్వేచ్ఛ ఉండాలి. అది లేని చోట ఉన్నది వెట్టి. హాస్టల్ పిల్లల చేత భయపెట్టి గదులు కడిగించడం, మరుగుదొడ్లు తోమించడం ఎక్కడ జరిగినా అది శ్రమదానం కాదు. సెరెసోల్ జీవితమంతా కాదని చెప్పే స్వేచ్ఛ కోసమే. ఆయన పేరు చెప్పి ఎవరూ మన చేత బలవంతంగా చీపురు పట్టించలేరు.

అలాగే, సాయం పేరుతో వచ్చే అందరూ సాయం చేయరు. ఎక్కడి నుంచో వచ్చి, తాపీ పట్టడం రాకుండా గోడ కట్టి, రంగు పూసి, పిల్లలతో ఫొటోలు దిగి వెళ్లిపోయే శిబిరాల మీద ప్రపంచమంతటా విమర్శ ఉంది. విమాన టికెట్టుకు పెట్టిన ఖర్చుతో ఊళ్లో మేస్త్రీకి, బేల్దారుకు నెల రోజుల కూలి ఇచ్చి ఇంకా గట్టి గోడ కట్టించవచ్చు గదా అని అడిగేవాళ్ల మాటలో న్యాయం ఉంది. సెరెసోల్ నియమాలను పక్కన పెట్టుకుని చూస్తే ఎవరు పని కోసం వచ్చారో, ఎవరు ఫొటో కోసం వచ్చారో తేలిగ్గా తెలుస్తుంది. ముందు అడిగారా? ఎవరి కూలీ పోగొట్టకుండా ఉన్నారా? మనతో కలిసి తిన్నారా? ఈ మూడు ప్రశ్నలు చాలు.

ఇంకొక మాట. బడికి, హాస్టల్‌కు కప్పు వేయించవలసింది ప్రభుత్వం. అది మన హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నాడు-నేడు, తెలంగాణలో 2022లో మన ఊరు-మన బడి పేరుతో పాఠశాలల మరమ్మతులు చేపట్టారంటే, అది ఎవరి దయా కాదు. పూర్వ విద్యార్థులు చేసే సాయం ఆ హక్కుకు బదులు కాకూడదు, తోడు కావాలి. కారే కప్పు గురించి అర్జీ పెట్టడం కూడా సేవే. ఆ అర్జీ వెనక నెలల తరబడి తిరగడం ఇంకా పెద్ద సేవ.

అయినా మన చేతుల్లో ఉన్నది తక్కువేం కాదు. వెర్డున్‌కు వెళ్లినవాళ్లలో పని తెలిసినవాళ్లు కొద్దిమందే. మనలో అలా కాదు. మన హాస్టల్‌లో చదివి బయటికి వెళ్లినవాళ్లలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, కానిస్టేబుళ్లు ఉన్నట్టే తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, పెయింటర్లు, ప్లంబర్లు ఉన్నారు. పదో తరగతి తప్పి పనిలో చేరామని కొందరు వార్షికోత్సవానికి రావడానికే మొహమాటపడుతున్నారు. వేదిక మీద కుర్చీలు ఉద్యోగస్తులకేనని వాళ్ల అభిప్రాయం. ఆ అభిప్రాయం మార్చవలసింది మనమే. సెరెసోల్ శిబిరంలో డాక్టరేటు చేసినవాడు ఇటుకలు అందిస్తుంటే మేస్త్రీ చెప్పిన చోటే గోడ లేచింది. పని దగ్గర పెద్దవాడు పని తెలిసినవాడే.

కాబట్టి పూర్వ విద్యార్థులకు మా మనవి ఇది. వచ్చే వేసవిలో, జూన్‌లో బడులు తెరిచేలోగా, ఒక్క మూడు రోజులు కేటాయించండి. ముందుగా ఇప్పుడున్న విద్యార్థులను, వార్డెన్ గారిని, వంటవాళ్లను, కామాటీ అన్నలను కూర్చోబెట్టి ఏది అవసరమో అడుగుదాం. మనకు నచ్చింది కాదు, వాళ్లు చెప్పింది చేద్దాం. పెద్ద పనులకు అర్జీ రాద్దాం. కిటికీ రెక్కలు, ఫ్యాన్లు, కుళాయిలు, చదువుకునే గది బల్లలు మన చేతులతో బాగుచేద్దాం. పని తెలిసిన మన మేస్త్రీ అన్న చెప్పినట్టు ఆఫీసర్ అన్న సిమెంటు కలుపుతాడు. రోజుకూలి మీద బ్రతికేవాళ్లకు ఆ మూడు రోజుల కూలీ మిగతావాళ్లం చందా వేసి ఇద్దాం. వాళ్లది దానం, మనది సెలవు కాకూడదు. మధ్యాహ్నం అందరం మెస్‌లో ఒకే వరుసలో కూర్చుని, పిల్లలు తినే అన్నమే తిందాం.

పేర్లు ఇవ్వదలచినవాళ్లు హాస్టల్ ఆఫీసులో ఉన్న రిజిస్టరులో రాయండి. పేరు పక్కన హోదా రాయనక్కర లేదు. ఏ పని వచ్చో రాస్తే చాలు.